టెక్ సందేహాలు: ఒక్క ప్యాకేజీ చేర్చితే బిల్డ్ ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: మా డాకర్ బిల్డ్ (ప్రోగ్రామ్‌ని కంటైనర్‌లో నడపడానికి కావలసిన ఇమేజ్‌ని తయారుచేసే పని) నెలల తరబడి బాగానే నడిచింది. ఇన్‌స్టాల్ జాబితాలో ఒక్క ప్యాకేజీ చేర్చగానే '404 నాట్ ఫౌండ్' అని ఆగిపోతోంది. చివర్లో ఎగ్జిట్ కోడ్ 100 అని వస్తోంది. అదే ప్యాకేజీ నా ఉబుంటు సిస్టమ్‌లో మాత్రం చక్కగా ఎక్కుతోంది.

జవాబు: 100 అంకెను పట్టుకుని వెతక్కండి. ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్-గెట్ కమాండ్ ఏ కారణంతో విఫలమైనా చెప్పేది అదే. లాగ్‌లో పైకి వెళ్లి, మొట్టమొదట వచ్చిన ఎర్రర్ చూడండి.

మీ డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ సూచనల ఫైల్‌లో) ప్యాకేజీల జాబితాని తాజా చేసే అప్‌డేట్ కమాండ్ ఒక రన్ వరుసలో, ఇన్‌స్టాల్ ఇంకో రన్ వరుసలో ఉండి ఉంటాయి. రన్ వరుసా, దానికి పైనున్నవీ మారకపోతే డాకర్ దాన్ని మళ్లీ నడపదు, గతంలో దాచుకున్న లేయర్నే (ఆ వరుస ఫలితాన్నే) వాడేస్తుంది. మీరు మార్చింది ఇన్‌స్టాల్ వరుసనే కదా! అంటే ప్యాకేజీల జాబితా నెలల కిందటిదే. అందులో ఉన్న వెర్షన్ కోసం ఆప్ట్ సర్వర్ని అడుగుతుంది. సెక్యూరిటీ ఫిక్స్ వచ్చాక ఆ పాత ఫైల్ని అక్కడ తీసేసి ఉంటారు. మీ సిస్టమ్‌లో జాబితా తాజాగా ఉంది కాబట్టే ఇబ్బంది రాలేదు.

రెండు కమాండ్లనీ && పెట్టి ఒకే రన్‌లో రాయండి. ప్యాకేజీల జాబితాలుండే ఆప్ట్ లిస్ట్స్ ఫోల్డర్‌ని ఖాళీ చేసే కమాండ్ కూడా ఆ రన్‌లోనే ఉండాలి. తర్వాతి రన్‌లో చెరిపితే ఇమేజ్ సైజు తగ్గదు. ఇప్పటికిప్పుడు గట్టెక్కాలంటే 'నో-క్యాష్' ఆప్షన్‌తో ఒకసారి బిల్డ్ చేయండి. అది తాత్కాలికమే, మళ్లీ ఇదే తంతు.

అప్‌డేట్ దశలోనే 404 వస్తే కథ వేరు. ఆ డిస్ట్రో (ఉబుంటు లాంటి లినక్స్ రకం) వెర్షన్‌కి కాలం చెల్లి, దాని ప్యాకేజీలుండే రిపోజిటరీని ఆర్కైవ్‌కి తరలించి ఉంటారు. సెంట్‌ఓఎస్ 7 గడువు 2024 జూన్ 30తో ముగిసింది. అందులో ప్యాకేజీలు ఎక్కించే యమ్ పాత మిర్రర్ చిరునామా దగ్గరే ఆగిపోతుంటే దాన్ని పాత వెర్షన్లని భద్రపరిచే వాల్ట్ సర్వర్‌కి మార్చాలి. బేస్ ఇమేజ్‌నే మార్చడం ఇంకా మేలు.

ప్రశ్న: ప్రశ్నలకు 'సరే' అని చెప్పే 'వై' ఆప్షన్ ఇచ్చినా టీజెడ్‌డేటా (టైమ్‌జోన్‌ల ప్యాకేజీ) దగ్గర ఏ ప్రాంతమో ఎంచుకోమంటూ బిల్డ్ నిలిచిపోతోంది.

జవాబు: 'వై' జవాబిచ్చేది ఆప్ట్ అడిగే ప్రశ్నలకే. ప్రాంతం అడిగేది ప్యాకేజీల సెట్టింగ్‌లు చూసే డెబ్‌కాన్ఫ్. డెబియన్_ఫ్రంట్‌ఎండ్ వేరియబుల్‌కి 'నాన్‌ఇంటరాక్టివ్' విలువ ఇవ్వండి. దాన్ని డాకర్‌ఫైల్‌లో ఎన్వ్ వరుసతో కాకుండా, బిల్డ్ వరకే పనిచేసే ఆర్గ్ వరుసతో పెట్టండి, లేకపోతే తయారైన కంటైనర్‌లో కూడా అదే సెట్టింగ్ మిగిలిపోతుంది.

ప్రశ్న: కొత్తగా బూట్ అయిన వర్చువల్ మెషీన్‌లో డీపీకేజీ (ఆప్ట్ వెనక ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) లాక్ దొరకలేదని స్క్రిప్ట్ ఒక్కోసారి ఆగిపోతోంది. లాక్ ఫైల్ డిలీట్ చేయనా?

జవాబు: వద్దు. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తూ ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి రాస్తే ప్యాకేజీ డేటాబేస్ పాడవుతుంది. ఆప్ట్‌కి డీపీకేజీ లాక్ టైమవుట్ ఆప్షన్ ఉంది. 120 సెకన్లు ఇస్తే లాక్ వదిలేదాకా, గరిష్ఠంగా అంతసేపు, తనే వేచి ఉంటుంది.