నాన్నగారి మతిమరుపుకు క్యాన్సర్ మాత్ర ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్, ఆస్పిరిన్ వాడుతున్నారు. నెల కిందట బాత్‌రూమ్‌లో జారిపడ్డారు గానీ పెద్ద దెబ్బేమీ తగల్లేదు. మూడు వారాలుగా మతిమరుపు బాగా పెరిగింది, పగలు కూడా మగతగా ఉంటున్నారు. నిద్ర కోసం మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రాజోలం తెచ్చి ఇస్తున్నాం. మెదడు కణాల్లో కణవిభజన ప్రొటీన్లు మళ్లీ చురుగ్గా మారితే అల్జీమర్స్ వస్తుందని చదివాను. వాటిని ఆపే పాల్బోసిక్లిబ్ తక్కువ మోతాదులో ఇవ్వొచ్చా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. అది కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందు. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తూ, క్యాన్సర్ డాక్టర్ పర్యవేక్షణలోనే ఇస్తారు.

మీరు చదివిన దాంట్లో నిజం లేకపోలేదు. నాడీకణాలు ఒకసారి ఏర్పడ్డాక ఇక విభజన చెందవు. అయినా కణవిభజనను నడిపే సీడీకే అనే ప్రొటీన్ల కుటుంబంలో కొన్ని వాటిలో వేరే పనులు చేస్తుంటాయి. సీడీకే5నే తీసుకోండి. గర్భస్థ శిశువు మెదడులో నాడీకణాలు తమ చోటికి చేరడానికి అది తప్పనిసరి. అదే అదుపు తప్పితే, నాడీకణం లోపలి నిర్మాణాన్ని నిలబెట్టే టౌ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్లు అతిగా చేరతాయి. అల్జీమర్స్‌లో నాడీకణాల్లో కనిపించే టౌ చిక్కుముళ్లకూ దీనికీ సంబంధం ఉందని పరిశోధకులు భావిస్తున్నారు. విభజనకు సిద్ధపడిన నాడీకణం, అది పూర్తికాక చనిపోవచ్చనీ అంటారు. కానీ పాల్బోసిక్లిబ్ ప్రధానంగా ఆపేది ఆ కుటుంబంలోని సీడీకే4, సీడీకే6లను, సీడీకే5ను కాదు. పైగా ఇదంతా ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

నన్ను కంగారు పెడుతున్నది మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ జారిపడటం. అల్జీమర్స్ మూడు వారాల్లో ముదరదు. పెద్దవాళ్లలో, అందులోనూ ఆస్పిరిన్ వాడేవాళ్లలో, తలకు చిన్న దెబ్బ తగిలినా పుర్రె లోపల మెదడు పైపొర కింద రక్తం నెమ్మదిగా చేరొచ్చు. దాన్ని సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం. పడిన రోజు మామూలుగానే ఉంటారు. వారాల తర్వాత తలనొప్పి, మగత, మతిమరుపు, నడకలో తూలు మొదలవుతాయి. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, ఇవాళే న్యూరాలజిస్టుకు చూపించి తల సీటీ స్కాన్ చేయించండి. సమయానికి పట్టుకుంటే చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ రక్తం తీసేస్తే సరిపోతుంది. నెల గడిచాక కాదు బాబూ, మగత మొదలైన రోజే తీసుకెళ్లాల్సింది.

ఇక ఆ నిద్రమాత్ర. చీటీ లేకుండా కొని ఇవ్వడం పెద్ద తప్పు. ఈ వయసులో ఆల్‌ప్రాజోలం మతిమరుపునూ మగతనూ పెంచుతుంది, మళ్లీ పడిపోయేలా చేస్తుంది. అసలు జబ్బు కూడా ఆ మగత చాటున కనపడకుండా పోతుంది. అలాగని మీరే ఠక్కున ఆపేయకండి, ఫిట్స్ రావచ్చు. ఎలా తగ్గించాలో, ఆస్పిరిన్ కొనసాగించాలో లేదో డాక్టరే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ వల్ల విటమిన్ బి12 తగ్గి ఉండొచ్చు, థైరాయిడ్, సోడియంతో పాటు దానికీ రక్తపరీక్ష చేయించండి. షుగర్ పడిపోతోందేమో ఇంట్లోనే గ్లూకోమీటర్‌తో చూడండి.

వెళ్లేటప్పుడు ఆయన వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేద గోళీలతో సహా, ఒక సంచిలో వేసుకెళ్లండి. ఈలోగా వాంతులైనా, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పినా, పిలిస్తే పలకకపోయినా 108కి ఫోన్ చేయండి.