సెలైన్ ఎక్కిస్తే రక్తంలో యాసిడ్ పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి పేగు ఆపరేషన్ ఐదారు గంటలు జరిగింది. మధ్యలో రక్త పరీక్ష చేసి ఎసిడోసిస్ (రక్తంలో యాసిడ్ పెరగడం) వచ్చిందని, నార్మల్ సెలైన్ ఆపేసి ఆర్.ఎల్. (రింగర్ లాక్టేట్) పెట్టామని చెప్పారు. ఉప్పునీళ్లతో యాసిడ్ ఎలా పెరుగుతుంది? ఆర్.ఎల్.లో ఉండేది లాక్టేట్ కదా, అది ఇంకా ప్రమాదం కాదా?

జవాబు: నార్మల్ సెలైన్ పేరుకే నార్మల్. లీటరుకు సోడియం 154, క్లోరైడ్ కూడా 154 మిల్లీమోల్స్ ఉంటాయి. మన రక్తంలోనేమో సోడియం 140 దగ్గర ఉంటే క్లోరైడ్ 100 చుట్టుపక్కలే ఉంటుంది, ఆ మధ్య ఖాళీలో ఎక్కువ భాగం యాసిడ్‌ను అణిచే బైకార్బనేట్‌ది. ఒక లీటరైతే కిడ్నీలు చూసుకుంటాయి. పెద్ద ఆపరేషన్‌లో నాలుగైదు లీటర్లు గబగబా పోయాయనుకోండి, క్లోరైడ్ పెరిగి బైకార్బనేట్ చోటు ఆక్రమిస్తుంది, పీహెచ్ పడిపోతుంది, అంటే యాసిడ్ పెరిగినట్టు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో గైనిక్ ఆపరేషన్లప్పుడు కిలో బరువుకు గంటకు 30 మి.లీ. చొప్పున సెలైన్ ఎక్కిస్తే రెండు గంటల్లో పీహెచ్ 7.41 నుంచి 7.28కి దిగింది, ఆర్.ఎల్. ఇచ్చినవాళ్లలో దాదాపు కదల్లేదు.

ఆర్.ఎల్.లో ఉండేది లాక్టిక్ యాసిడ్ కాదు, సోడియం లాక్టేట్. లివర్ దాన్ని వాడుకునే క్రమంలో బైకార్బనేట్ తయారవుతుంది, కాబట్టి యాసిడ్ తగ్గే వైపే పని చేస్తుంది. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకు మాత్రం లాక్టేట్ బదులు అసిటేట్ ఉన్న ప్లాస్మాలైట్ లాంటి ద్రవాలు ఎంచుకుంటారు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకోచోట. ఎసిడోసిస్ అనగానే తప్పు సెలైన్ మీదకి తోసేయకూడదు. రక్తం పోయి బీపీ పడిపోయినా, పేగుకు రక్తప్రసరణ తగ్గినా పీహెచ్ ఇలాగే దిగుతుంది, అప్పుడు ఒంట్లోనే లాక్టిక్ యాసిడ్ తయారై రక్తంలో లాక్టేట్ ఎగబాకుతుంది. లాక్టేట్ మామూలుగా ఉండి క్లోరైడ్ 110 దాటితే సెలైన్ పనే అనుకోవచ్చు. ఈ తేడా చూడకుండా, షాక్ (రక్తప్రసరణ పడిపోవడం) అనుకుని ఇంకో రెండు లీటర్లు అదే సెలైన్ పోస్తే సమస్య ముదురుతుంది. క్లోరైడ్ వల్ల వచ్చినదైతే బాటిల్ మార్చాక చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది, బైకార్బనేట్ ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు.

అలాగని సెలైన్ చెడ్డదేం కాదు. తలకి ఆపరేషన్ అయితే అదే మేలు, ఆర్.ఎల్. కొంచెం పలచన కాబట్టి మెదడు వాపు పెరుగుతుందని భయం. రోజుల తరబడి వాంతులైనవాళ్లకు కడుపులోని ఆమ్లంతో పాటు క్లోరైడ్ కూడా పోయి ఉంటుంది, వాళ్లకీ సెలైనే మందు. కిడ్నీ రోగులకు పొటాషియం ఉందని ఆర్.ఎల్. ఇవ్వడానికి జంకుతారు గానీ అందులో ఉండేది లీటరుకు 4 చిల్లరే, కిడ్నీ మార్పిడి ఆపరేషన్లలో చూస్తే పొటాషియం సెలైన్‌తోనే ఎక్కువ పెరిగింది.

ఐసీయూ రోగుల్లో సెలైన్‌ను ప్లాస్మాలైట్‌తో పోల్చి 2021లో బేసిక్స్, 2022లో ప్లస్ అనే పెద్ద ట్రయల్స్ వచ్చాయి, మరణాల్లో స్పష్టమైన తేడా కనిపించలేదు. కాబట్టి ముందు సెలైన్ పెట్టారే అని టెన్షన్ పడకండి. ఆ రోజు బ్లడ్ గ్యాస్ (రక్తంలో పీహెచ్ చూసే పరీక్ష) రిపోర్టులో లాక్టేట్ ఎంతుందో, క్లోరైడ్ ఎంతుందో అడిగి చూడండి.