గ్రెగోరియన్ పాట మీద ఆర్గన్‌తో అప్పటికప్పుడు వాయించడం నిజమేనా? నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఊరి క్యాథలిక్ చర్చిలో కీబోర్డు వాయిస్తారు, కొంత కర్ణాటక సంగీతం వచ్చు. పారిస్ నోత్ర్-దామ్ చర్చిలో ఆర్గనిస్టులు గ్రెగోరియన్ పాట ఒకటి, అంటే చర్చిలో పాడే పాత లాటిన్ పాట, తీసుకుని, ఎదురుగా కాగితం లేకుండా నిమిషాల తరబడి వాయించే వీడియోలు చూశారు. అది నిజంగా అప్పటికప్పుడు పుడుతుందా, లేక ముందే కూర్చుకుని వస్తారా? మనలాంటివాళ్లు ఎలా మొదలుపెట్టాలి?

నేను గుంటూరులో హార్మోనియంతో మొదలుపెట్టినవాణ్ణి. ఉద్యోగం మీద ఫ్రాన్స్ వచ్చాక ఇక్కడి సంగీత పాఠశాలలో ఆర్గన్ నేర్చుకున్నాను. ఇప్పుడు లియోన్ దగ్గర ఒక చిన్న చర్చిలో ఆదివారం పూజకి వాయిస్తాను. కచేరీ స్థాయి నాది కాదు, పూజకి సరిపడే స్థాయి. ఆ అనుభవంతో చెప్తున్నాను.

అవును, అప్పటికప్పుడే. అలాగని శూన్యంలోంచి రాదు. మీకు నెరవల్ తెలుసు కదా, కర్ణాటక కచేరీలో పాటలోని ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడటం. పాడే ఆవిడకి ఆ పంక్తి ఏళ్ల తరబడి నోట్లో నానింది, రాగం ఒంటబట్టింది, ఇవాళ ఏ మాట దగ్గర ఎటు తిరుగుతుందో మాత్రం ఆవిడకే తెలీదు. ఇక్కడా అంతే. పాట పాతది, దాన్ని తిప్పే పద్ధతులూ పాతవే. ఈ పూట అవి ఏ వరసలో వస్తాయన్నదే కొత్త.

ఇందుకు సాక్ష్యం కావాలంటే ద్యుప్రే కథ ఉంది. 1919 ఆగస్టు 15, మరియమాత మోక్షారోపణ పండుగ. నోత్ర్-దామ్‌లో సాయంకాల ప్రార్థనకి మార్సెల్ ద్యుప్రే అనే ఆర్గనిస్టు వాయిస్తున్నాడు. గాయకులు పాడుతుంటే మధ్యమధ్యలో ఆర్గన్ జవాబివ్వాలి. ఆ రోజు విన్నవాళ్లలో రోల్స్ రాయిస్ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ క్లాడ్ జాన్సన్ ఉన్నాడు. ఈ సంగీతం అచ్చు ప్రతి ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. అచ్చూ లేదు గిచ్చూ లేదు, అప్పటికప్పుడు వాయించిందే అన్నారు. అయితే నేను డబ్బిస్తాను, రాసిపెట్టమన్నాడు. అలా వచ్చినవే ద్యుప్రే ఓపస్ 18 (అంటే ఆయన రచనల్లో 18వ నంబరు)లోని 15 రచనలు. షార్ల్ తూర్నెమీర్ అనే ఇంకో ఆర్గనిస్టుది ఇంకో రకం కథ. 1930ల మొదట్లో సాంత్-క్లోతిల్ద్ చర్చిలో ఆయన ఆశువుగా వాయించినవి కొన్ని గ్రామఫోను రికార్డుల కెక్కాయి. వాటిని మోరీస్ ద్యురుఫ్లే అనే మరో ఆర్గనిస్టు చెవితో విని, ఒక్కో స్వరం రాసి, 1958లో అచ్చు వేయించాడు. ఈస్టర్ పాట 'విక్తిమే పస్కాలి' మీద తూర్నెమీర్ ఆ పూట వాయించినదాన్ని ఇప్పుడు కుర్రాళ్లు నెలల తరబడి సాధన చేసి పరీక్షల్లో వాయిస్తారు. ఒక విద్వాంసుడి ఆలాపనని క్యాసెట్ పెట్టి బట్టీ కొట్టినట్టే. నాకు నవ్వొస్తుంది గానీ, వినడానికి మాత్రం అద్భుతంగా ఉంటుంది.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే నేర్చుకోవడం సులువు. ఒకప్పుడు పూజలో గాయకులూ ఆర్గనూ వంతులవారీగా సాగేవి. 'కీరియే' (ప్రభువా దయచూపు అనే ప్రార్థన) ఒకసారి ఆర్గన్, ఒకసారి గాయకులు. ఆర్గన్ వంతులో మాటలు వినపడవు, కానీ ఆ వరస వినపడితే జనం మనసులో మాటలు వాటంతటవే నడుస్తాయి. ఫ్రెంచి స్వరకర్త కూపెరాన్ 1690లో రాసిన ఆర్గన్ పూజాసంగీతం ఇలాంటిదే. మొదటి కీరియేలో గ్రెగోరియన్ వరస పొడుగాటి స్వరాలతో మధ్య గొంతులో నడుస్తుంటే, చుట్టూ మిగతా గొంతులు అల్లుకుంటాయి (గొంతు అంటే ఇక్కడ ఒకేసారి నడిచే స్వరాల వరసల్లో ఒకటి). కూపెరాన్ రాసిపెట్టాడు, మామూలు చర్చిల్లో రాయకుండానే వాయించేవారు. అంటే ఇది మొదట్నుంచీ గొప్ప కళాకారుల విన్యాసం కాదు, వారం వారం జరగాల్సిన పని. ఈ మాట మీకు ధైర్యమిస్తుందనే చెప్తున్నాను.

ఇక నేర్చుకోవడం. మా టీచర్ పెద్దావిడ, మహా కచ్చితం. పాటని లాటిన్ మాటలతో సహా పాడి వినిపించేదాకా కీల మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. తప్పొస్తే మళ్లీ మొదట్నుంచి. గొంతు బాగుండాలని కాదు, ఎక్కడ ఊపిరి తీసుకుంటామో, ఏ అక్షరం మీద బరువు పడుతుందో తెలియాలని. గ్రెగోరియన్ పాటకి తాళం లేదు. దాని నడకంతా మాటల్లోనే ఉంది. మాట తెలియకుండా వేళ్లతో మొదలుపెడితే మీరు తెలియకుండానే నాలుగు బీట్లలోకి దాన్ని ఇరికించేస్తారు. కీబోర్డులో రిథమ్ బటన్ నొక్కే అలవాటున్న మనకి ఈ జబ్బు ఇంకొంచెం ఎక్కువ.

ఒక పాట తీసుకుందాం. పెంతెకోస్తు పండుగకి పాడే 'వేని క్రెయాతోర్ స్పిరితుస్', అంటే పవిత్రాత్మని రమ్మని పిలిచే పాట. తొమ్మిదో శతాబ్దపు రబానుస్ మౌరుస్ రాశాడంటారు. మొదటి పాదం వరస ఇది: సోల్ లా సోల్ ఫా సోల్ లా సోల్ దో రే దో (కీబోర్డు మీద దో అంటే C, రే D, ఫా F, సోల్ G, లా A). సోల్‌ని షడ్జం చేసుకుని మన స్వరాల్లో పాడండి: స రి స ని స రి స మ ప మ. 'ని' మంద్రస్థాయిలోది. ఇప్పుడు ఆ నిషాదాన్ని గమనించండి. అది కైశికి నిషాదం. పాటంతా హరికాంభోజి స్వరాల్లోనే ఉంటుంది, కీబోర్డు మీద తెల్ల కీలు చాలు. (మన హరికాంభోజిలా గమకాలు వెతక్కండి, ఆర్గన్ పైపుకి గమకం చేతకాదు. స్వరస్థానాల వరకే పోలిక.)

ఇప్పుడు దీనికి కార్డ్స్ పెట్టమంటే చర్చి కీబోర్డు అలవాటున్నవాళ్లం ఏం చేస్తాం? పాట సోల్ మీద ముగుస్తోంది కాబట్టి దాని ముందు రే మేజర్ కార్డ్ వేస్తాం. రే మేజర్‌లో ఫా షార్ప్ ఉంది, అంటే కాకలి నిషాదం. అంతే, హరికాంభోజి కాస్తా శంకరాభరణమైపోయింది. వెయ్యేళ్ల పాట ఒక్క స్వరంతో మామూలు ఆదివారపు పాటలా తేలిపోతుంది. ఆ షార్ప్ వాడకుండా ముగింపుకి రావడమే అసలు విద్య. ఫా మేజర్ నుంచి సోల్‌కి రండి. లేదా రే మైనర్ నుంచి రండి. మొదట వినడానికి ఇల్లు చేరనట్టు అనిపిస్తుంది, చెవి అలవాటు పడ్డాక ఆ షార్ప్ ముగింపే చవకగా తోస్తుంది. ఒకటో మోడ్ (గ్రెగోరియన్ పాటల స్వరాల తీరుల్లో మొదటిది) పాటలైతే రే మీద ముగుస్తాయి, స్వరాలు ఖరహరప్రియవి. అక్కడా సూత్రం అదే. దో షార్ప్ జోలికి పోవద్దు.

మా టీచర్ మొదట్లో ఇచ్చిన అభ్యాసం ఒకటి చెప్తాను. ఎడమ కాలితో పెడల్ (ఆర్గన్ కింద కాళ్లతో నొక్కే కీలు) మీద సోల్ నొక్కి ఉంచాలి, తియ్యకూడదు. అదే మన శ్రుతి. కుడి చేత్తో పైన చెప్పిన పాదం ఒక్కసారి, గొంతుతో పాడినంత నెమ్మదిగా. తరవాత అదే పాదంలోని మొదటి మూడు స్వరాలు, స రి స, మాత్రమే తీసుకుని ఎడమ చెయ్యి ఒక స్థాయి కింద జవాబివ్వాలి. మళ్లీ కుడి చెయ్యి చివరి మూడు స్వరాలతో, మ ప మ. ఈ ఆరు స్వరాలు తప్ప ఇంకేం వాడకూడదు. తోచకపోతే ఆగాలి, కొత్త స్వరం మాత్రం తేకూడదు. మొదట్లో పిచ్చెక్కుతుంది. కొన్నాళ్లకి స రి స తలకిందులుగా పెడితే స ని స అవుతుందని, అది పాటలోనే పక్కన ఉందని మీ అంతట మీకే కనపడుతుంది. ఆ తరవాత నాకెప్పుడూ ఏం వాయించాలన్న టెన్షన్ రాలేదు. సరుకంతా పాటలోనే ఉంది.

దీని మీద మిగతావి ఒక్కొక్కటే కట్టుకోవచ్చు. వరసని పొడుగు స్వరాలుగా పెడల్‌లో పెట్టి పైన చేతులతో అల్లడం, ఒక చెయ్యి వెనకాల ఇంకో చెయ్యి అదే వరస కొంచెం ఆలస్యంగా అందుకోవడం, ట్రంపెట్ స్టాప్ (ట్రంపెట్ లాంటి శబ్దమిచ్చే పైపుల సెట్టు) మీద మధ్య గొంతులో వరస నడపడం. ద్యురుఫ్లే 1930లో 'వేని క్రెయాతోర్' మీదే రాసిన ఓపస్ 4 చివరి భాగంలో ఈ పద్ధతుల్లో కొన్ని వినొచ్చు. అందులోని వేరియేషన్ల మధ్య గాయకులు చరణాలు పాడటం కూడా ఉంది, దొరికితే అలా పాడిన రికార్డింగే వినండి. మెరుపు వేగంతో చేతులు కొట్టుకుంటూ పెడల్‌లో పాట వినిపించే ఫ్రెంచి టొక్కాటా జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. వీడియోల్లో ఎక్కువగా కనిపించేది అదే, నిజానికి అన్నిటికంటే తొందరగా పట్టుబడేదీ అదే. చేతులు ఒక తీరు పట్టుకుంటే చాలు, ఆలోచన ఆగిపోయినా మోత ఆగదు. నా మటుకు నాకు రెండు గొంతులతో నెమ్మదిగా వాయించినదే కష్టం, అదే వినబుద్ధి.

మనోధర్మంలో ఎప్పుడు ముగించాలో మన చేతిలో ఉంటుంది. చర్చిలో ఉండదు. ఈ తేడా బయటివాళ్లకి పెద్దగా తెలీదు. అర్పణ సమయంలో వాయిస్తున్నామనుకోండి. ఫాదర్ గారు చేతులు కడుక్కుని జనం వైపు తిరిగేసరికి ఆర్గన్ ఆగాలి. ఆర్గనిస్టేమో వెనకాల పై అంతస్తులో పీఠానికి వీపు పెట్టి కూర్చుంటాడు, ఎదురుగా చిన్న అద్దం. నేర్చుకునే రోజుల్లో మా టీచర్ పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఉండేది. నీళ్ల గిన్నె పట్టుకుని కుర్రాడు కదిలితే ఒక వేలు ఎత్తేది. అంటే ఇంకో పాదం మాత్రమే టైముంది. రెండు వేళ్లెత్తితే పెడల్ మీద సోల్ పట్టుకుని ఇంటికి రావడమే. పెద్ద రాతి చర్చిలో మనం చెయ్యి తీశాక కూడా నాదం కొన్ని సెకన్లు గాల్లో ఉంటుంది, అదీ లెక్కేసుకోవాలి. అందుకని ఏ క్షణంలోనైనా రెండు మూడు కార్డ్స్‌లో ముగించే దారి ఒకటి చేతిలో పెట్టుకునే వాయిస్తాం. దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) కోసం జనం వరసలో వచ్చేటప్పుడైతే దీనికి పూర్తిగా ఉల్టా. జనం ఎక్కువొస్తే సాగదీస్తూనే ఉండాలి. ముందే రాసుకున్న రచనతో ఈ రెండూ కుదరవు. ఆర్గనిస్టులు ఆశువుగా వాయించడం నేర్చుకునేది సగం ఈ అవసరం వల్లే.

తపస్సు కాలంలో, అంటే ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో, ఆర్గన్ ఒంటరిగా వాయించకూడదని కూడా గుర్తుంచుకోండి, పాటకి తోడుగా మాత్రమే. మధ్యలో లెతారే అనే నాలుగో ఆదివారానికీ పండుగలకీ మినహాయింపు ఉంది. ఆ నియమం మీ దగ్గర పాటించకపోయినా తెలిసి ఉండటం మంచిది.

పెడల్ ఆర్గన్ లేదని ఆగొద్దు. మీ కీబోర్డులో చర్చి ఆర్గన్ లేదా పైప్ ఆర్గన్ అని ఉన్న సౌండ్ పెట్టండి, గిరగిరా తిరిగినట్టు వణికే జాజ్ ఆర్గన్ వద్దు. టచ్ రెస్పాన్స్ ఆఫ్ చెయ్యండి. అసలు ఆర్గన్‌లో కీ గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా శబ్దం ఒక్కటే. స్వరాన్ని ఎంతసేపు పట్టుకున్నాం, తరవాతి స్వరానికి ముందు ఎంత సందు వదిలాం, భావమంతా ఆ రెండింట్లోనే పలకాలి. కింది శ్రుతి స్వరాన్ని సస్టెయిన్ పెడల్‌తో పట్టకండి, అన్నీ కలిసి పేస్టవుతాయి. ఎడమ చేతి చిటికెన వేలితో పట్టుకోండి. పాటల కోసం 'లీబెర్ ఊజువాలిస్' అనే లావుపాటి పుస్తకం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నాలుగు గీతల మీద నలుచదరపు స్వరాలు చూసి కంగారు పడకండి, దో (కొన్నిట్లో ఫా) ఎక్కడుందో గీత మొదట్లోనే గుర్తు పెట్టి ఉంటుంది, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకోవడమే. సరళి వరసలు వచ్చినవాళ్లకి ఒక సాయంత్రం పని.

'వేని క్రెయాతోర్' కాక 'ఉబి కారితాస్', 'ఆవే మారిస్ స్తెల్లా' మొదలుపెట్టడానికి బాగుంటాయి. రెండోది రే నుంచి ఒక్కసారి పంచమానికి ఎగురుతుంది, ఆ ఎగురుడొక్కటే పట్టుకుని చాలాసేపు వాయించొచ్చు. మీ చర్చిలో లాటిన్ ఎవరికీ తెలియకపోతే ఇంకో దారి: మీ జనానికి బాగా తెలిసిన తెలుగు పాట ఒకటి తీసుకుని పైన చెప్పిన అభ్యాసమే చెయ్యండి. శ్రుతి స్వరం, మూడు స్వరాలు, మరో మూడు. సత్ప్రసాదం వరసలో ఒక నిమిషం వాయించి చూడండి, ముందు ఫాదర్ గారికి ఒక మాట చెప్పి.