వసంతోత్సవం మొదలైంది ఏ ఏడు?

ప్రశ్న: మా ఊరి వసంతోత్సవం 1974లో మొదలైందని పెద్దలంటారు. 2026 ఆహ్వానపత్రంలో మాత్రం 50వదని వేశారు. ఏది నమ్మాలి?

జవాబు: రెండూ నిజం కావచ్చు. ఏటా ఆగకుండా జరిగి ఉంటే 2026లో 53వది కావాలి. అంటే మూడేళ్లు తప్పాయన్నమాట. కోవిడ్ వల్ల 2020, 2021 పోయి ఉంటే వెతకాల్సింది ఒక్క ఏడే. సంఖ్య, సంవత్సరం రెండూ ఉన్న పాత కరపత్రాలు ఏరండి. ఏ రెండింటి మధ్యనైనా సంవత్సరాల తేడా కంటే సంఖ్యల తేడా తక్కువైతే విరామం అక్కడే. ఎక్కువైతే ఎవరో లెక్క తప్పారు, ఇదీ మామూలే. తర్వాత గ్రంథాలయంలో ఆ ఏళ్ల దినపత్రికలు తిరగేయండి. తిథిని బట్టి జరిగే పండుగైతే తేదీ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది, అధికమాసం పడినప్పుడు మళ్లీ వెనక్కి పోతుంది. కనుక ఒక్క వారం సంచికలతో సరిపెట్టకండి, నెలన్నర చూడండి.