అప్పు చేసి వినైల్ టైల్స్ వేయించుకోవచ్చా?

ప్రశ్న: మా ఇంటికి ఫ్లోరింగ్ వేయించి ఇరవై ఏళ్లు దాటింది. హాల్లో టైల్స్ మెరుపు పోయింది. వంటింటి గుమ్మం దగ్గర నాలుగైదు డొల్లగా మోగుతున్నాయి. వీటిని పగలగొట్టకుండా పైనే లగ్జరీ వినైల్ టైల్స్ వేసేయొచ్చని షాపులో చెప్పారు. ఖర్చులో సగం మా చేతిలో ఉంది. మిగతా సగానికి మూడేళ్ల పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేయాలా? ఇంకో ఎనిమిదేళ్లు ఇక్కడే ఉంటాం, ఆ తర్వాత అమ్మేద్దామనుకుంటున్నాం.

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఆ ఎనిమిదేళ్లు. చాలామంది అది చెప్పకుండానే ఏది చవక అని అడుగుతారు.

ఒక లెక్క వేద్దాం. వినైల్‌కు మొత్తం ఖర్చు 100 అనుకోండి, పాతవి తవ్వి గట్టి పింగాణీ టైల్స్ వేయిస్తే 170 అనుకోండి. వినైల్ పదిహేనేళ్లు, పింగాణీ ముప్పై ఏళ్లు వస్తాయనుకుంటే ఏడాదికి పడేది 6.7, 5.7. అంటే పింగాణీయే చవక. కానీ మీరుండేది ఎనిమిదేళ్లే. ఆ లెక్కన వినైల్‌కు ఏడాదికి 12.5, పింగాణీకి 21 పైమాటే. ఆ తర్వాతి ఏళ్లు కొనుక్కున్నవాళ్లవి. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే. మీ చేతిలో ఉన్న కొటేషన్లు పెట్టి మళ్లీ లెక్క కట్టండి. పెద్దగా తేడా రాకపోతే వినైల్ వైపే వెళ్లండి.

అయితే ఆ పదిహేనేళ్లు వస్తాయా రావా అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. షాపులో ఆ రెండూ కంటికి కనబడవు.

మొదటిది పైపొర. వినైల్ టైల్ అంటే పీవీసీ పొరల మీద చెక్కో రాయో అచ్చు వేసిన పల్చటి ఫిల్మ్, దానిపైన పారదర్శకంగా ఉండే వేర్ లేయర్. అరుగుదలను కాచుకునేది ఆ ఒక్క పొరే. అది అరిగిపోయిందంటే బొమ్మ పోతుంది. చెక్క ఫ్లోరింగ్‌లా దీన్ని గీకి మళ్లీ పాలిష్ పట్టించడం కుదరదు. అందుకే షాపువాళ్లు '5 మిల్లీమీటర్ల మందం' అన్నప్పుడు అక్కడితో ఆగకండి, అది మొత్తం టైల్ మందం. వేర్ లేయర్ ఎంత అని విడిగా అడగండి. దాన్ని మిల్‌లలో చెబుతారు. మిల్ అంటే మిల్లీమీటర్ కాదు, అంగుళంలో వెయ్యో వంతు. 6 మిల్ అంటే సుమారు 0.15 మిల్లీమీటర్లు, 12 అంటే 0.3, 20 అంటే 0.5. శాంపిల్ ముక్క అంచును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి, రంగు గీత పైన గాజులా సన్నటి పొర కనిపిస్తుంది. మనుషులు తిరిగే హాలుకు 12కు తగ్గొద్దు. ఇంట్లో కుక్క ఉన్నా, కుర్చీలు తరచూ లాగుతున్నా 20 తీసుకోండి. ఈ తేడాకు పెట్టే డబ్బు వృథా కాదు.

రెండోది అడుగు. వినైల్ మెత్తన, కింద ఏముంటే అది కొన్ని నెలల్లో పైకి తేలుతుంది. పాత టైల్స్ మధ్య గీతలు పూడ్చకుండా పైన అతికిస్తే, సాయంత్రం ఏటవాలు వెలుతురులో ఆ గళ్లన్నీ కనిపిస్తాయి. మీ డొల్ల టైల్స్ ఊడదీసి, గుంటలు పూడ్చి, రసమట్టం పెట్టి చూసి, ఎత్తుపల్లాలు సరిచేయించాకే పని మొదలుపెట్టాలి. డొల్ల ఉన్నచోట చెమ్మ కూడా ఉండొచ్చు. టైల్ తీసిన గచ్చు మీద ప్లాస్టిక్ షీటు ముక్క పరిచి, అంచులన్నీ టేపుతో మూసి ఒక రోజు వదిలేయండి. కింద నీటి చుక్కలు పడితే ముందు ఆ చెమ్మ సంగతి చూడాలి. టైల్‌కు నీళ్లు తగిలినా ఏమీ కాదన్న మాట నిజమే, కానీ కింద చేరిన తడి బయటికి పోదు, జిగురు వదిలేస్తుంది. అడుగు సరిగ్గా లేకుండా వేస్తే వారంటీ కూడా సాధారణంగా వర్తించదు.

కాబట్టి కొటేషన్‌లో లెవెలింగ్, జిగురు, స్కర్టింగ్ (గోడ అడుగున వేసే పట్టీ), తలుపుల అడుగు కోయడం, కోతలో పోయే ముక్కలకు పది శాతం అదనం, అన్నీ విడివిడిగా రాయించుకోండి. ఇవి లేని కొటేషన్ చూసే చాలామంది బడ్జెట్ వేసుకుంటారు, అప్పు పుట్టేది అక్కడే.

ఇక అప్పు సంగతి. లోన్ వద్దంటాను. 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ప్రతి 100కి 123 కట్టాలి. ఖర్చులో సగానికే లోన్ కాబట్టి మీ 100 రూపాయల ఫ్లోరింగ్ 111 దాటుతుంది. అదే కిస్తీ మొత్తాన్ని నెలనెలా మీరే పక్కన పెడితే ముప్పై నెలల లోపే ఆ సగం చేతికొస్తుంది, వడ్డీ ఒక్క పైసా లేకుండా. అంతకాలం ఆగలేమంటే డిపాజిట్ వైపు చూడండి, కానీ ఆరు నెలల ఇంటిఖర్చు అందులో మిగలాలి. అది మిగిలితే ముందుగా తీసినందుకు పోయే వడ్డీ లోన్ వడ్డీ కన్నా తక్కువే. మిగలకపోతే డిపాజిట్‌ను ముట్టుకోకండి.

మీకు మూడో దారి కూడా ఉంది. చేతిలో ఉన్న సగంతో డొల్ల టైల్స్, చెమ్మ, హాలు ఇప్పుడే పూర్తి చేయించండి. గదులు తర్వాత చేయించుకోవచ్చు. రంగు బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మారుతుంది గనుక, హాలుకు వేసిన టైల్స్‌లో ఒక పెట్టె అదనంగా కొని ఇంట్లో పెట్టుకోండి. పాడైనవి ఒకటి రెండు మార్చుకోవాల్సి వస్తే అవే అక్కరకొస్తాయి.

ఒక్క చిన్న జాగ్రత్త. మా వంటింట్లో సింక్ ముందు అడుగున రబ్బరున్న మ్యాట్ వేశాం. కొన్ని నెలలకు తీసి చూస్తే కింద వినైల్ పసుపుపచ్చగా మారి ఉంది, ఎంత తుడిచినా పోలేదు. ఆ మచ్చ పైన పడింది కాదు, రబ్బరులోని రసాయనాల వల్ల వినైలే రంగు మారింది. మీరు గుడ్డతో నేసిన మ్యాట్‌లే వేసుకోండి.