తమ్ముడు ఏశావైతే మీరెవరు?

ప్రశ్న: మాది తెనాలి. మూడు తరాలుగా క్రైస్తవులం. నాన్నగారు రిటైరైన హైస్కూల్ మాస్టారు, సంఘ పెద్ద. అమ్మ పోయాక మా దగ్గరే ఉంటున్నారు. తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ రెండేళ్ల క్రితం హిందువుల అమ్మాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడు. చర్చికి వెళ్లడం మానేశాడు. కొత్తగా వచ్చిన పాస్టర్ గారు, ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే ఏర్పరచుకున్నాడనే కాల్విన్ బోధ బాగా చెబుతారు. అది విన్నప్పటి నుంచి నాన్నగారు "వాడు ఏర్పాటులో లేడు, దేవుడు యాకోబును ఎన్నుకుని వదిలేసిన ఏశావు వాడు" అని తేల్చేశారు. రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి పేరు ఎత్తనివ్వరు. వాడికి పాప పుట్టి ఐదు నెలలైంది. నేను చూడలేదు. నాన్నగారు బాధపడతారని వాడి ఫోన్ కూడా ఎత్తడం లేదు. ఆయన కట్టించిన ఇల్లు నా పేర రాస్తున్నారు, నెలాఖరుకు రిజిస్ట్రేషన్. నిద్ర పట్టక యూట్యూబ్‌లో ప్రసంగాలు వింటున్నాను. ఒకాయన అంతా దేవుడి నిర్ణయమే అంటాడు, ఇంకొకాయన మనిషి ఇష్టమే అంటాడు. ఏది నిజం? నా తమ్ముడు ఎన్నడూ దేవుడి బిడ్డ కాదా?

జవాబు: ముందు మీ ప్రశ్న సంగతి చూసేస్తాను, ఎందుకంటే దాని దగ్గర ఎక్కువసేపు కూర్చోవడం మీకు మంచిది కాదు.

అయిదో శతాబ్దంలో అంతా దేవుడి కృపే అన్న అగస్టీను, మనిషి ఇష్టమే అన్న పెలాగియస్ ఈ విషయం మీదే తలపడ్డారు. 1618-19లో హాలండులోని డోర్ట్‌లో నెలల తరబడి సభ జరిపి, మనిషి ఇష్టానికీ చోటుందన్న ఆర్మీనియస్ అనుచరులది తప్పని తీర్మానించారు. ఆర్మీనియస్ 1609లోనే పోయాడు, వాదం మాత్రం పోలేదు. తండ్రి ఆకర్షిస్తే తప్ప ఎవడూ నా దగ్గరికి రాలేడని యోహాను ఆరో అధ్యాయంలో ఉంది. ఎవరిని సేవిస్తారో ఈ రోజే కోరుకోండని యెహోషువ 24లో ఉంది. ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో అయితే మీ రక్షణ మీరు కొనసాగించుకోండని ఒక వచనం, మీలో ఆ ఇష్టాన్ని కలిగించేది దేవుడేనని దాని పక్క వచనం. పౌలు ఆ రెంటినీ పక్కపక్కన రాసి ముందుకు వెళ్లిపోయాడు. ఇన్ని వందల ఏళ్లుగా పండితులకు తెగనిది రాత్రి రెండింటికి దుప్పటి కింద ఫోన్ పెట్టుకుంటే మీకు తెగదు. మానేయండి.

నన్నడిగితే నేను కృప పక్షమే. నా అంతట నేను దేవుణ్ణి వెతికి పట్టుకున్నానని నాకెప్పుడూ అనిపించలేదు. కానీ ఆ మాట నా గురించి నేను చెప్పుకోవడానికే పనికొస్తుంది. ఇంకొకరి పేరు పక్కన ఇంటూ కొట్టే అధికారం ఏ మాస్టారికీ లేదు. మీ పాస్టర్ గారికి కాల్విన్ అంటే అంత గౌరవం గనుక చెబుతున్నాను: ఏర్పాటులో ఎవరున్నారో ఎవరు లేరో మనకు తెలియదు, కాబట్టి అందరూ రక్షణ పొందాలనే కోరుకోవాలన్న అగస్టీను మాటను కాల్విన్ తన గ్రంథంలోనే ఒప్పుకుంటూ ఎత్తి రాశాడు. మిషనరీ విలియం కేరీ కూడా ఏర్పాటును నమ్మే బాప్టిస్టు శాఖవాడే. దేవుడు ఎన్నుకున్నవాళ్లు ఎలాగూ వస్తారులే అని ఇంగ్లండులో చెప్పులు కుట్టుకుంటూ కూర్చోలేదు. 1793లో బెంగాల్‌కి వచ్చాడు, 1814లో శ్రీరాంపూర్ నుంచి మన తెలుగుకి ఒక వ్యాకరణం కూడా అచ్చు వేయించాడు. ఆ సిద్ధాంతం నమ్మిన మనిషి ఎక్కడెక్కడివాళ్లనో వెతుక్కుంటూ వచ్చాడు. మీ ఇంట్లో అదే సిద్ధాంతం పేరు చెప్పి, కడుపున పుట్టినవాణ్ణి గుమ్మం బయట పెట్టారు.

మీ నాన్నగారి మీద నాకు కోపం లేదు. భార్య పోయింది, కొడుకు చెప్పకుండా పెళ్లి చేసుకున్నాడు, ఆదివారం సంఘంలో నలుగురి ముందు ముందు వరసలో కూర్చోవాలి. కొడుకు నా మాట కాదన్నాడని ఒప్పుకోవడం కంటే, వాణ్ణి దేవుడే వద్దనుకున్నాడని చెప్పుకోవడం ఆయనకు తేలిగ్గా ఉంది. ఆ వయసులో ఆయన్ని మార్చే పని మీరు పెట్టుకోకండి.

నాకు పేచీ మీతోనే. ఫోన్ ఎత్తనిది ఆయన కాదమ్మా, మీరు. పాపను చూడనిదీ మీరే. నాన్నగారు బాధపడతారని రాశారు. హైదరాబాద్‌లో ఇంకొకడు బాధపడుతున్నాడని ఉత్తరం మొత్తంలో ఒక్క ముక్క లేదు. వాడు దేవుడి బిడ్డ అవునో కాదో తేలితే గానీ మీ తమ్ముడు అవునో కాదో తేలదా? ఆ జవాబు ఏదైనా మీరు చేయాల్సింది మారదు. మరి ఎందుకు అడుగుతున్నారు? కాదు అన్న మాట దేవుడి నోటే వస్తే ఫోన్ ఎత్తని తప్పు మీది కాకుండా పోతుందని మీకు లోలోపల ఉంది. కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఇంట్లో ఒకణ్ణి ఏశావు అన్నాక ఇంకొకరు యాకోబు కావాలి కదా. ఆ పాత్ర ఎవరికి వచ్చిందో చూసుకున్నారా? ఆదికాండము మళ్లీ తీయండి. ఆకలితో వచ్చిన అన్నకు చిక్కుడుకాయల వంటకం పెట్టి జ్యేష్ఠత్వం కొనుక్కున్నది యాకోబు. చూపు ఆనని తండ్రి ముందు మేకపిల్లల తోలు చుట్టుకుని ఆశీర్వాదం పట్టుకుపోయింది యాకోబు. ఎన్నికైనవాడు ఆయనే, అన్యాయం చేసిందీ ఆయనే. ఏళ్ల తర్వాత అన్నను చూడబోతూ ఏడుసార్లు నేల మీద సాగిలపడ్డాడు. పరుగెత్తుకొచ్చి మెడ కౌగిలించుకున్నది ఏశావు. మీ నాన్నగారు, యాకోబును ప్రేమించాను ఏశావును ద్వేషించాను అన్న మాట ఉన్న రోమా తొమ్మిది దగ్గర ఆగిపోయినట్టున్నారు. ఏశావు కౌగిలించుకున్న ఆదికాండము 33వ అధ్యాయం దాకా రాలేదు. ఆ రోమా తొమ్మిదైనా మొదటి మూడు వచనాలు వదిలేసి చదువుతున్నారు. రక్తసంబంధులైన నా సహోదరుల కోసం నేనే క్రీస్తు నుంచి వేరైపోయినా సరే అనుకునేంత దుఃఖం నాకుందని పౌలు అక్కడే మొదలుపెట్టాడు. ఏర్పాటు గురించిన మాటలన్నీ ఆ ఏడుపు తర్వాత వచ్చినవి.

ఇక ఇల్లు. సొంత సంపాదనతో కట్టుకున్నది, బతికుండగా ఎవరికి రాసినా ఆయన ఇష్టం. రాయకుండా, వీలునామా లేకుండా పోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం మీరూ తమ్ముడూ చెరి సగం. ఇది మీకు తెలుసనే అనుకుంటున్నాను. తీసుకోవద్దని నేను చెప్పను. ఆయన్ని చూసుకుంటున్నది మీరు, మీ ఆయన. ఆ కష్టానికి విలువ ఉంది. కానీ వాడికి తెలియకుండా, వాడు ఏశావు అన్న కారణంతో రాసే దస్తావేజు మీద మీరు వేలిముద్ర వేస్తే, రేపు ఆ అద్దె డబ్బులు లెక్కపెట్టుకున్నప్పుడల్లా అది గుర్తొస్తుంది. ఆత్మగౌరవం ఉన్న ఆడపడుచు పుట్టింటి నుంచి అలా తెచ్చుకోదు.

సిద్ధాంతం కుదరకపోయినా మనుషులు తెగిపోనక్కర్లేదు. 1739లో ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఈ ఏర్పాటు సిద్ధాంతాన్ని తిట్టిపోస్తూ ప్రసంగం చేసి అచ్చేయించాడు. ఏర్పాటును నమ్మే స్నేహితుడు విట్‌ఫీల్డ్ దానికి బహిరంగంగా జవాబు రాశాడు. మనసులు విరిగాయి, మళ్లీ కలిశాయి. 1770లో విట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోతే, ఆయన కోరిక ప్రకారం లండన్‌లో సంతాప ప్రసంగం చేసింది వెస్లీయే. చివరిదాకా ఒకరి వాదం ఒకరు ఒప్పుకోలేదు.

ఈ ఆదివారం చర్చి నుంచి వచ్చాక తమ్ముడికి మీరే ఫోన్ చేయండి. దేవుడు, చర్చి, నాన్న, ఏ మాటా ఎత్తకండి. పాప పాలు తాగుతోందా, రాత్రిళ్లు నిద్రపోనిస్తోందా అని అడగండి. మరదలికి ఫోన్ ఇమ్మనండి. వాడు రెండు మాటలు గట్టిగా అంటే పడండి. మేనత్త చేతి మీదుగా పాపకు జరగాల్సినవి ఏమేం ఆగిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

రాత్రి ప్రార్థనలో మీ వంతు వచ్చినప్పుడు తమ్ముడి పేరు, మరదలి పేరు, పాప పేరు పైకి చెప్పండి. గొణగొద్దు. నాన్నగారు ఆమేన్ అనకపోవచ్చు, లేచి వెళ్లిపోవచ్చు కూడా. వెళ్లనివ్వండి. పొద్దున కాఫీ ఎప్పటిలాగే ఇవ్వండి, రాత్రి మళ్లీ చెప్పండి. ఆయనతో వాదించకండి, క్షమాపణ కూడా అడగకండి.

డాక్యుమెంట్ రైటర్‌కి మాత్రం రేపే ఫోన్ చేసి, నెలాఖరుకు కుదరదని చెప్పండి. నాన్నగారు ఎందుకని అడిగితే, తమ్ముడితో మాట్లాడాక పెట్టుకుందామనండి.