వార్తల్లో పెరిగిపోయే వయసు

ప్రశ్న: 1989 నాటి న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కేసులో కుర్రాళ్లే నేరం ఒప్పుకున్నారు కదా! వాళ్లే దోషులని జనం నమ్మడానికి అదే కారణం కావచ్చు. వాళ్ల రంగు, వయసు చూసే నమ్మారని ఎందుకంటారు? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ ఒప్పుకోళ్లు ఎలాంటివో జనం అడగకపోవడానికి కారణం రంగు, వయసే. ఏప్రిల్ 19 రాత్రి పార్కులో పరుగుకు వెళ్లిన 28 ఏళ్ల తెల్లజాతి మహిళపై అత్యాచారం చేసి, కొనప్రాణంతో వదిలేశారు. పట్టుబడ్డ ఐదుగురిలో నలుగురు నల్లజాతి పిల్లలు, ఒకరు లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న పిల్లాడు. వయసు 14 నుంచి 16. పత్రికలు వాళ్లను ‘తోడేళ్ల మంద’ అన్నాయి. విచారణ మొదలుకాకుండానే, మే 1న డొనాల్డ్ ట్రంప్ నాలుగు పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి మరణశిక్షను మళ్లీ తేవాలన్నారు. మంద అనేశాక అందులో ఎనిమిదో తరగతి ఈడు పిల్లాడున్నాడన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది?

వీడియోలో ఒప్పుకున్నది నలుగురే. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, దేనితో కొట్టారు అన్న విషయాల్లో ఒకరి మాటకూ మరొకరి మాటకూ పొంతన లేదు. గంటల తరబడి ప్రశ్నిస్తే, అడిగినదానికి ఔనంటే ఇంటికి పంపేస్తారని ఆ ఈడు పిల్లలు అనుకుంటారు. డీఎన్ఏ ఐదుగురిలో ఎవరితోనూ సరిపోలేదు. అయినా 1990లో జూరీలు శిక్షకే మొగ్గాయి. వాళ్లలో ఘటన నాటికి 16 ఏళ్లున్న కోరీ వైజ్‌ను పెద్దవాళ్ల జైలుకే పంపారు. 2002లో మతియాస్ రేయెస్ అనే ఖైదీ ఆ పని తానొక్కడే చేశానన్నాడు, డీఎన్ఏ అతడితో సరిపోయింది. ఆ డిసెంబరులో శిక్షలు కొట్టేశారు. 2014లో నగరం 4.1 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

ప్రశ్న: నల్లజాతి పిల్లలు ఎదుటివారికి పెద్దవాళ్లుగా కనిపిస్తారనడానికి ఆధారముందా? – ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: ఉంది. 2014లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ గాఫ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తీవ్ర నేరం చేశాడన్న నల్లజాతి బాలుడి వయసును కాలేజీ విద్యార్థులు సగటున నాలుగున్నరేళ్లు ఎక్కువగా అంచనా వేశారు. అంటే పద్నాలుగేళ్లవాడు వాళ్ల కళ్లకు పద్దెనిమిది దాటినవాడు. దీనికి తలకిందులైన ఉదాహరణ 2016 నాటి అమెరికా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేసు. లైంగిక దాడి చేసినట్టు రుజువైన తెల్లజాతి విద్యార్థికి 20 ఏళ్లు. అతడి గురించిన వార్తల్లో, ఈతగాడిగా సాధించిన రికార్డులు కూడా చేరాయి. పడిన శిక్ష ఆరు నెలల జైలు.

ప్రశ్న: మన దగ్గర నిందితుడు మైనరా కాదా అన్న గొడవ వస్తే ఏం చూడాలి? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఫొటో, గడ్డం, ఒడ్డూపొడవూ చూసి తేల్చకండి. నేరం జరిగిన రోజుకి ఎంత వయసన్నదే లెక్క, అరెస్టు రోజుకి కాదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో అటూఇటూ రెండేళ్లు తేడా రావచ్చు. చాలా చర్చల్లో అన్నిటికన్నా ముందు దాన్నే అడుగుతారు. అది తప్పు.

16 నిండి 18 నిండని వాళ్లపై అతి తీవ్ర నేరారోపణ ఉంటే జువెనైల్ బోర్డు ప్రాథమిక మదింపు చేసి, పెద్దవాళ్లలా విచారించేందుకు కేసును పిల్లల కోర్టుకు పంపవచ్చు. కాబట్టి ‘మైనరైతే వదిలేస్తారు’ అన్న వాదన కూడా నిజం కాదు. మైనర్ పేరు, ఫొటో బయటపెడితే 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేముందు ఇది గుర్తుంచుకోండి.

2019లో షాద్‌నగర్ దగ్గర ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన నలుగురు ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితుల్లో ముగ్గురిని వార్తలు 20 ఏళ్లవాళ్లన్నాయి. పోలీసులపై జనం పూలు చల్లారు. ఆ ముగ్గురూ మైనర్లేనని, ఎన్‌కౌంటర్‌పై విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక తేల్చింది. అది బయటికొచ్చింది 2022 మేలో.